మాడుగులపల్లి దగ్గర కోసిన చింతమొద్దు

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. మా నాన్న ఎర్రజెండా మనిషి. బాణామతి లేదు, చేతబడి లేదు అని సూర్యాపేట చుట్టుపక్కల ఊళ్ళలో మీటింగులు పెట్టి చెప్పినవాడు. ఆ ఇంట్లో పుట్టి ఇలాంటిది రాయడానికి కూర్చున్నానంటే నా మీద నాకే మంటగా ఉంది. కానీ జరిగింది ఒకటి, జనం చెప్పుకుంటున్నది ఇంకొకటి. అందుకని రాస్తున్నాను.

మా బావ పేరు సైదులు. మా అక్క సుజాత భర్త. మాది పెన్‌పహాడ్ దగ్గర ఊరు. నాకూ బావకూ కలిపి ఒక కోత మిషను ఉంది. ట్రాక్టరుకు తగిలించుకుని, మొద్దులు ఎక్కడుంటే అక్కడికే పోయి పలకలు కోసిస్తాం. ఆ మిషన్లో రంపం పట్టాల మీద కదులుతూ పోతుంది. మొద్దు మాత్రం కదలకూడదు. కదిలిందంటే మనిషి పోతాడు.

రోడ్డు వెడల్పు కోసం కొట్టేసిన చెట్లను ఒక కాంట్రాక్టరు వేలంలో పాడుకున్నాడు. కోదాడ వైపు మనిషి. మాడుగులపల్లి దాటాక ఒక బీడులో మొద్దులన్నీ కుప్ప పోయించి మమ్మల్ని పిలిచాడు. వేపలు, చింతలు. కొన్ని చింతమొద్దులు నా ఛాతీ దాకా వచ్చేవి. చింత చేవ ఇనుములా ఉంటుంది. పైగా రోడ్డు పక్క చెట్లు కాబట్టి ఎప్పుడో బోర్డులకు కొట్టిన మేకులు లోపల దాగుంటాయి. అవి తగిలి పళ్ళు పోయిన రంపాలను సాన పట్టించడానికి ఆ రోజు నేను మిర్యాలగూడ పోయాను. తిరిగొచ్చేసరికి బావ లేడు.

క్రేను గొలుసు తగిలించడానికి వంగిన మనిషి మీదికి కుప్పలోంచి పెద్ద చింతమొద్దు దొర్లిందట.

"అడ్డం పెట్టకుండనే కింద దూరిండన్నా" అన్నాడు క్రేను డ్రైవరు, నా మొహం చూడకుండా.

కాంట్రాక్టరు ఇంకో మాట కలిపాడు. "పొద్దున్నే కల్లు తాగొచ్చినట్టున్నాడయ్యా. మేమేం చేస్తాం?"

అడ్డం అంటే మొద్దు దొర్లకుండా కింద ఇరికించే చెక్క. అది పెట్టకుండా బావ మొద్దు దగ్గరికి పోవడం నేను చూడలేదు. నన్నూ పోనిచ్చేవాడు కాదు. ఇక తాగుడంటారా, పండగ పూట కూడా ముట్టని మనిషి. అయినా ఠాణాలో వాళ్ళు చెప్పిందే రాసుకున్నారు. చనిపోయినవాడిదే తప్పు. బావ దినం నాడు వచ్చినవాళ్ళే మా ఇంట్లో అన్నం తింటూ, "తాగి పడ్డడట" అని గుసగుసలాడుకున్నారు. వడ్డిస్తున్న అక్క విన్నది. చేతిలో గరిటె అట్లాగే పట్టుకుని నిలబడిపోయింది. ఆ మనుషుల మొహాలు నాకు ఇప్పటికీ గుర్తే.

తర్వాత ఇంకో పుకారు. చింతమొద్దులో దయ్యం ఉందట, అదే మింగిందట. ఇది ఇంకా బాగుంది. తప్పు చెట్టు మీదికి నెట్టేస్తే మనుషులందరూ తప్పించుకుంటారు.

ఆ మొద్దు నేను కోయనన్నాను. అక్క ఒప్పుకోలేదు.

"ఎవడో వచ్చి కోస్తడు, ఎవరింటికో తలుపులైతయి. నువ్వే కొయ్యి తమ్మీ. నేను గాడనే కూసుంట. నా మొగన్ని సంపిన మొద్దు ఎట్లుంటదో సూస్త."

పట్టపగలు. ఎండ మాడుతోంది. మిషను దగ్గర నేను, నర్సయ్య అనే కూలీ. తాటాకు పందిరి కింద అక్క. పలకలు ఎంతవరకు వచ్చాయో చూసుకోవడానికి కాంట్రాక్టరు కూడా కారులో దిగాడు. క్రేను డ్రైవరు దూరంగా నిలబడ్డాడు. పై బెరడు పలక కోసి, మొద్దును ఇంకో వైపు తిప్పడానికి ఇంజను ఆపేశాను. నర్సయ్య గునపం అందుకున్నాడు.

అప్పుడు మొద్దు అవతలి నుంచి బావ గొంతు వినిపించింది.

"అడ్డం పెట్టిన! ఎవలు తియ్యకుర్రి!"

పనిలో ప్రతిసారీ మా బావ అరిచే మాట అది. అదే బొంగురు, చివర అదే సాగతీత. చెవిలో ఏదో గింగురుమన్నట్టు కాదు. మొద్దు అవతల మనిషి నిలబడి అరిస్తే ఎట్లా ఉంటుందో అట్లా. నర్సయ్య చేతిలో గునపం జారి పడింది. అక్క లేచి నిలబడింది.

కాంట్రాక్టరు రెండడుగులు వెనక్కి వేశాడు. "నేను తియ్యమన్లేదు! అడ్డం తీస్తేగానీ గొలుసు పట్టదని డ్రైవరే అన్నాడు! నేను తియ్యమన్లేదయ్యా!"

ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

నాకు వణుకు రాలేదు. ఒళ్ళంతా మంట లేచింది. నేను కదిలేలోపే అక్క ఆయన ముందుకు పోయింది.

"అంటే పెట్టిండన్నట్టే గద సారూ? అడ్డం పెట్టిండా, లేదా? నా మొహం సూసి చెప్పు."

"అదేదో... కంగార్లో అన్నానమ్మా. నాకేం తెలుసు?"

"మరి తాగిండని ఎట్ల తెల్సింది?"

ఆయన కారెక్కి పోయాడు. మొద్దు అవతలికి పోయి చూశాను. రంపపు పొట్టు తప్ప ఏమీ లేదు. దాని మీద అడుగుల గుర్తులు కూడా లేవు.

ఠాణాకు పోయి చెప్పాను. "సాక్షి ఎవరు, మీ బావ దయ్యమా?" అని నవ్వారు. కాంట్రాక్టరేమో మొద్దు కోసిన రోజు తాను అక్కడికే రాలేదన్నాడు. క్రేను డ్రైవరు ఎటు పోయాడో తెలీదు. దామరచర్లలో పని దొరికిందని విని అక్కడికి పోయి వెతికాను, కనబడలేదు. మా మిషను చూడటానికి మాత్రం జనం నిమ్మకాయలు, కోడిపిల్లలు పట్టుకుని వచ్చారు. ఫోన్లు తీసి వీడియోలు పట్టారు. తిట్టి తరిమాను. మనిషి పోయినప్పుడు ఒక్కడు నోరు విప్పలేదు. దయ్యం అనగానే ఊరంతా వచ్చింది! శాంతి చేయిస్తానని కాంట్రాక్టరు మధ్యలో ఎవరితోనో కబురు పెట్టాడు. ఎవరికి శాంతి కావాలో వెళ్ళి ఆయన్నే అడగమన్నాను.

ఎవరైనా బావ గొంతు అనుకరించారా అని ఆలోచించాను. నర్సయ్య నా పక్కనే ఉన్నాడు. ఫోన్లో పాత రికార్డు ఏదైనా మోగిందా అంటే ఎవరి చేతిలోనూ ఫోను లేదు. నలుగురైదుగురు ఒకేసారి ఒకే మాట భ్రమపడతారా? చదువుకున్న స్నేహితులను అడిగాను. ఎండ దెబ్బ అన్నారు. ఎండ దెబ్బకు కాంట్రాక్టరు నోట్లోంచి నిజం ఊడిపడుతుందా?

అక్కకు ఇవేవీ పట్టవు. ఆమె కోపం వేరు. మొన్న బియ్యం ఏరుతూ ఏరుతూ చేట పక్కకు నెట్టింది.

"నేను గాడనే ఉంటి గద తమ్మీ. అంత దూరం వచ్చినోడు నన్ను పేరు పెట్టి ఒక్కసారి పిలిస్తే ఏమాయె? సచ్చినంక గూడ పని మాటేనా?"

దయ్యాలు లేవు అని ఆమెకు చెప్పబోయాను. చేట నా వైపు లాక్కుని మిగతా బియ్యం ఏరాను.