అమ్మ గుచ్చిన ఏడు వరసలు

కంప్యూటర్ అనే మాట పేపర్లో కనిపిస్తే గట్టిగా చదివి ఇంట్లోవాళ్ళకి వినిపించే ఆ రోజుల్లో, మా యూనివర్సిటీ ఫిజిక్స్ మాస్టారు ఒక కంప్యూటర్‌ని సొంతంగా తయారుచెయ్యాలని పూనుకున్నారు. పాత రేడియోలు విప్పి పార్టులు పోగేసేవారు కాబట్టి ఆయన్ని రేడియో మాస్టారు అనేవాళ్ళం (ఆయనకి వినబడనంత దూరంలో). ఎమ్మెస్సీ వాళ్ళలో ముగ్గుర్ని తీసుకుంటానన్నారు. ఇద్దరు మగపిల్లలు అప్పటికే చేరిపోయారు. మూడో చోటు కోసం నేను వెళితే, "చీరాల అమ్మాయివి కదమ్మా, మగ్గం పని వచ్చా?" అన్నారు. "వచ్చండీ" అన్నాను.

రాదు. చదువు పాడవుతుందని మా అమ్మ నన్ను మగ్గం ఛాయలకే రానిచ్చేది కాదు. ఆయన నా చేతిలో పెట్టినవేమో ఆవగింజలంత అయస్కాంతపు రింగులు, అరవై నాలుగు. వాటిలోంచి వెంట్రుకంత రాగితీగల్ని అడ్డంగా, నిలువుగా, ఐమూలగా గుచ్చితే అదే కంప్యూటర్ మెమరీ. రెండు వారాలు తంటాలు పడ్డాను. రింగులు ఎగిరిపోయి నా జడలో దొరికేవి. తీగ తెగుతూనే ఉండేది. "సోమవారానికి కాకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానమ్మా" అన్నారు మాస్టారు. శనివారం అన్నీ డబ్బాలో సర్దుకుని చీరాల రైలెక్కాను.

"ఇవేంటే?" అంది అమ్మ.

"కంప్యూటర్ మెమరీ అమ్మా. లెక్కలు గుర్తుపెట్టుకుంటుంది."

"ఏం, నీకు గుర్తుండవా?" అంటూనే డబ్బా లాక్కుంది. ఆదివారం పొద్దున్నే కిటికీ పక్కన కూర్చుని, మగ్గం మీద దువ్వెనలా ఉండే అచ్చులో పోగులు గుచ్చినట్టే వరస తర్వాత వరస గుచ్చేసింది. ఎనిమిదో వరస మాత్రం పట్టుబట్టి నేనే గుచ్చాను (నేనే చేశానని చెప్పుకోవడానికి కాస్తయినా నిజం ఉండాలి కదా!).

సోమవారం పరీక్షిస్తే ఏడు వరసలు చెప్పినవన్నీ గుర్తుపెట్టుకున్నాయి. ఎనిమిదోది అన్నీ మర్చిపోయింది.

"ఇదెవరు గుచ్చారమ్మా?"

"నేనేనండి."

"మరి మిగతావి?"

"మా అమ్మండి. నాకు మగ్గం రాదండి" అని ఏడ్చేశాను. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అయితే ఆ ఏడింటినీ చూసి నేర్చుకో. ఇది విప్పి మళ్ళీ గుచ్చు" అన్నారు. అంతే! పొమ్మనలేదు.

ఐదుసార్లు విప్పాను. ఆరోసారి కుదిరింది. ఆ ఏడాది చివర్లో మా మిషను ఐదూ నాలుగూ కలిపి తొమ్మిదని బల్బులు వెలిగించింది. ఐదూ నాలుగూ తొమ్మిదని అంతకుముందు లోకంలో ఎవరికీ తెలియనట్టు, వరండాలో పోయేవాళ్ళందర్నీ చెయ్యిపట్టుకుని లోపలికి లాక్కొచ్చి చూపించానట. ఆ పిల్లని ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. కొంచెం అసూయ కూడా కలుగుతుంది.