తారు పూసిన చెక్క వంతెన

హైటెక్ సిటీ భవనం కొత్తగా లేచిన రోజుల్లో, అక్కడికి దగ్గర్లో బండల మధ్య ఉన్న చెరువులో పడవ షికారు ఉండేది. నేను అక్కడ టికెట్లిచ్చేదాన్ని. పడవ ఎక్కడానికి నీళ్లలోకి ఓ చెక్క వంతెన. దాన్ని ఎప్పుడు కట్టారో ఏ కాగితంలోనూ లేదు. మరమ్మతులు చూసే వడ్రంగి కాకకే తెలుసు దాని చరిత్ర. ఈ చెక్క పాత ఎడ్లబండిది, ఆ గుంజ కూలిన ఇంటి దూలం అని కాలితో తట్టి మరీ చెప్పేవాడు.

నా బడిచదువు పదో తరగతితో ఆగింది. మిగతాదంతా చందానగర్ లైబ్రరీలో చదువుకున్నదే. ఆ సంగతి నలుగురికీ చెప్పుకునేదాన్ని కూడా. అందుకే కాక నన్ను పంతులమ్మ అనేవాడు.

ఆ ఏడు వానలకు చెక్కల మీద పాచి పట్టి ఇద్దరు జారిపడ్డారు. సోమవారం ఇంజనీరు వచ్చి చూస్తారని, ఇంకా జారుతుంటే వంతెన మూసేస్తారని కబురొచ్చింది. మూస్తే మా ఇద్దరి పనీ పోయినట్టే.

అప్పుడే నేను రేవుల గురించి ఓ పుస్తకం చదువుతున్నాను. అందులో సముద్రం ఒడ్డున కట్టిన షికారు వంతెనల మీద ఒక అధ్యాయం ఉంది. మొదట ఓడలు దిగేవాళ్ల కోసం కట్టారట, తర్వాత జనం ఊరికే గాలి కోసం రావడం మొదలెట్టారట. మా దగ్గరా అంతే, మెడలో ఆఫీసు కార్డులతో వచ్చేవాళ్లలో సగం మంది పడవే ఎక్కరు. ఆ వంతెనల చెక్కలు జారకుండా తారు పూస్తారని చదివి కాకకు చెప్పాను.

"సముద్రం జూసినవా ఎన్నడన్న?" అన్నాడు. లేదన్నాను. నవ్వి, వెళ్లి తారు తెచ్చాడు.

శనివారం పాచి గీకి, తారు పూశాం. సోమవారం పొద్దున ఎండెక్కేసరికి అది మెత్తబడి జిగురైంది. కాక నడిచి చూడబోతే చెప్పు అతుక్కుంది, లాగితే పట్టీ తెగింది. నాకు ఏడుపొచ్చింది. కాక ఒంటి చెప్పుతోనే పక్కన కడుతున్న బిల్డింగు దగ్గరికెళ్లి, మేస్త్రీని అడిగి ఇసుక తెచ్చాడు. జల్లెడ పట్టి వంతెనంతా చల్లాం.

ఇంజనీరు నీళ్లు పోయించి, బూటుతో గీకి, ఆ చివరిదాకా నడిచారు. జారలేదు. ఇసుక ఉపాయం ఎవరిదండి అని అడిగారు.

"మా పంతులమ్మ బుక్కుల చదివింది సార్," అన్నాడు కాక.

వంతెన మూయలేదు. కానీ కాక అన్న ఆ మాటే నన్ను నిలవనివ్వలేదు. నేను చదివిన దాంట్లో ఇసుక ప్రస్తావనే లేదు. గడువైపోయిందని అధ్యాయం పూర్తికాకుండానే పుస్తకం తిరిగిచ్చేశాను మరి. మళ్లీ తెచ్చుకుని చూస్తే, నేను ఆపిన చోట పేజీ తిప్పగానే ఉంది, తారు ఆరకముందే ఇసుక చల్లాలని.

వంతెన మీద కూర్చుని కాకకు చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుని, తెగిన చెప్పు వైపు చూశాడు.

"ఇంకో పేజీ చదివుంటే గిది దక్కుతుండె గద బిడ్డా."