కండెలు చుట్టకుండానే నేసిన సినిమా చీర

మా చిన్నప్పుడు... సినిమా చూసొచ్చిన మర్నాడు మధ్యాహ్నం, అన్నాలయ్యాక, మగవాళ్లంతా మా పెదనాన్న అరుగు మీద చేరేవారు. సినిమా బాగుందో లేదో అక్కడ తేలాల్సిందే. పెదనాన్న బాగుందంటే బాగున్నట్టు... పెదవి విరిస్తే ఇక అంతే.

మాది పామర్రు దగ్గర ఊరు. వీధి వీధంతా నేతవాళ్లమే. పామర్రులో డేరా సినిమా వేస్తే బళ్లు కట్టుకుని వెళ్లేవాళ్లం. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క, మధ్యలో అడ్డంగా ఒక గుడ్డ. రీలు మార్చినప్పుడల్లా దీపాలు వేసేవారు... ఆ కాసేపట్లోనే మా అమ్మ పక్కవాళ్లతో ఆ రీలు సంగతి తేల్చేసేది. ఆ మాటలు మాత్రం గుడ్డకి అవతలున్న మగవాళ్లకి ఎప్పుడూ చేరలేదు.

ఒకసారి నేతగాడే హీరోగా ఒక సినిమా వచ్చింది. పేరు కావాలనే రాయడం లేదు, దానికంత మర్యాద అక్కర్లేదు. రాజుగారమ్మాయి పెళ్లికి ఒక్క పూటలో చీర నేసి తెమ్మంటారు. హీరో పాట పాడుకుంటూ నేసేస్తాడు. భార్య స్తంభానికి ఆనుకుని కన్నీళ్లు తుడుచుకుంటూ ఉంటుంది... పాట అయ్యేసరికి చీర తయారు.

మర్నాడు అరుగు మీద ఒకటే పొగడ్తలు. పెదనాన్న అయితే కథ చెబుతూ చెబుతూ మళ్లీ కళ్లు తుడుచుకున్నాడు. "మన బతుకు మనకి చూపించాడ్రా. ఇట్టాంటి సినిమా ఇంక రాదు" అన్నాడు.

మా ఇంటికీ పెదనాన్న ఇంటికీ కలిపి ఒకటే అరుగు. మా తలుపు వెనక అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా... చిలపగా, అంటే కట్టగా వచ్చిన నూలుని రాట్నం తిప్పుతూ చిన్న పుల్లకి చుడితే అది కండె. ఆ కండెని మగ్గం మీది నాడెలో పెడితేనే నాడె అటూ ఇటూ పరిగెత్తి గుడ్డ తయారవుతుంది. నేసేది మగవాళ్లు, కండెలు చుట్టేది ఆడవాళ్లూ పిల్లలూ. నాకప్పుడు తొమ్మిదేళ్లు. నూలు కోసుకుని నా వేళ్లు ఎప్పుడూ మండుతూ ఉండేవి.

ఆ రోజుల్లో బావగారితో నేరుగా మాట్లాడకూడదు. ఎదురుగా ఉన్నా సరే, మధ్యలో పిల్లల్ని పెట్టి చెప్పించాలి. అమ్మ నన్ను పిలిచి, అరుగు మీదికి వినపడేట్టే అంది... "మీ పెదనాన్నగారిని అడగవే, ఆ చీరకి కండెలు ఎవరు చుట్టారో."

వెళ్లి అడిగాను. అరుగంతా ఒకటే నవ్వులు. "కథ చూడాలి గానీ కండెలు చూస్తారటే తల్లీ? ఆడాళ్ల చూపే అంత" అన్నాడు పెదనాన్న. మా నాన్న కూడా నవ్వాడు. ఆ నవ్వు మీద నాకు ఇప్పటికీ కోపమే.

అమ్మ రాట్నాన్ని గోడవారకి జరిపేసింది. "సినిమాలో కండెలు లేకుండానే ఆడింది కదా మగ్గం... ఇక్కడా అట్టాగే ఆడించుకోమను" అని నాతో చెప్పి పంపింది.

మర్నాడు పొద్దెక్కేసరికి నాన్న దగ్గరున్న కండెలు అయిపోయాయి. నాన్న బతిమాలాడు, కసిరాడు. అమ్మ అన్నం వండింది, నీళ్లు తోడింది, రాట్నం మాత్రం ముట్టుకోలేదు. సంగతి తెలిసి, అమ్మ అక్కయ్యా అని పిలిచే మా పెద్దమ్మ కూడా ఆపేసింది... సాయంత్రానికి వీధిలో ఇంకో నలుగురైదుగురు. నన్ను చుట్టమని నాన్న అడిగితే నేనూ చుట్టనన్నాను. నాన్నకి ఎదురు చెప్పడం అదే మొదలు... భయం వేసింది, బాగానూ ఉంది.

పెదనాన్న పంతం మనిషి. తనే రాట్నం ముందు కూర్చున్నాడు. ఆయన నేసిన చీరల కోసం బెజవాడ గవర్నర్‌పేట కొట్లవాళ్లు కబురు పంపేవారు... కండె చుట్టడం మాత్రం చేతకాలేదు. వదులుగా చుట్టిన నూలు నాడెలో జారిపోయి, ఉండలు ఉండలుగా చిక్కు పడింది. నూలు కొలిచి కొలిచి ఇచ్చే కంట్రోలు రోజులు, ఒక్క పోగు పాడైనా ప్రాణం ఉసూరుమనేది. ఆ చిక్కు విప్పుకుంటూ మధ్యాహ్నమంతా కూర్చున్నాడు.

మూడో రోజు మళ్లీ అందరూ అరుగు మీదికి చేరారు. పెదనాన్న నన్ను పిలిచి, "మీ అమ్మని అడుగమ్మా... ఆ సినిమాలో ఇంకా ఏమేం తప్పులున్నాయంట" అన్నాడు. గొంతులో వెటకారం లేదు.

నేను లోపలికి వెళ్లక్కర్లేకపోయింది. అమ్మే గుమ్మంలోకి వచ్చింది. భుజం నిండా కొంగు కప్పుకుని, నన్ను పక్కకి జరిపి, ఆయనతోనే నేరుగా మాట్లాడింది.

"మీరు ఏడ్చిన చోట నాకు ఒళ్లు మండింది బావగారూ. ఆవిణ్ణి ఊరికే నిలబెట్టి ఏడిపించారు... రాట్నం ముందు కూర్చోబెడితే ఏడవటానికి తీరికుండేదా? మన బతుకు అన్నారు. అందులో నేనెక్కడున్నాను, మా అక్కయ్య ఎక్కడుంది?"

"లేరమ్మా... నేనది చూసుకోలేదు" అన్నాడు పెదనాన్న. మా నాన్న ఆ రోజు నవ్వలేదు. అమ్మ లోపలికొచ్చి రాట్నం ముందుకు లాక్కుంది. నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. ఆ తర్వాత ఏ సినిమా అయినా అమ్మ మాట కూడా విన్నాకే అరుగు మీద తేలేది.

ఇప్పుడు మా వీధిలో మగ్గాలూ లేవు, అరుగులూ లేవు. ఎవరి ఫోన్‌లో వాళ్లం ఒంటరిగా సినిమా చూసుకుంటున్నాం... ఎదురుగా కూర్చుని పోట్లాడేవాళ్లు లేకపోవడమే నా బెంగ. మీ ఇళ్లలోనూ సినిమా గురించి ఇలా పట్టుబట్టిన అమ్మలూ అత్తలూ ఉంటే కింద రాయండి... ఒక్కటీ వదలకుండా చదువుతాను.

మొన్న ఒక కొత్త సినిమా నచ్చలేదని ఇక్కడే రాస్తే, ఎవరో అబ్బాయి "బామ్మగారూ, మీకది అర్థం కాదులెండి" అని కామెంటు పెట్టాడు. అర్థమైంది నాయనా... అర్థమయ్యే నచ్చలేదు.