కొండ కింది వీధిలో కుళాయి గుంతలు

నీళ్లు బాగా వస్తున్నాయని చెప్పడానికి ఇంతవరకూ ఎవరూ నాకు ఫోన్ చేయలేదు. రాలేదని చేస్తారు, వాసన వస్తున్నాయని చేస్తారు, పక్క వీధికి ఎక్కువసేపు వదిలారని చేస్తారు. పెనుకొండ నీళ్ల సరఫరా చూసుకునే పని నాకు అప్పగించినప్పటి నుంచి ఈ మాటలకే నా చెవులు అలవాటు పడ్డాయి. నేనుండేది హిందూపురంలో. పొద్దున్నే బస్సెక్కితే సోమందేపల్లి దాటకముందే మొదటి ఫోను వస్తుంది. ఆ సంగతి కండక్టరుకు కూడా తెలుసు. "ఏం మేడమ్, ఈ పొద్దు ఎవురికి రాలేదంట?" అని నవ్వుతూ టికెట్టు చేతిలో పెడతాడు.

నాకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ, ఈ ఉద్యోగం దానికి మేత వేసి పెంచింది. ట్యాంకు నిండిందని చెబితే నమ్మను, నిచ్చెనెక్కి చూస్తాను. వాల్వు కట్టేశామంటే నమ్మను, పైపు మీద చెవి పెట్టి వింటాను. ఇంట్లో మా ఆయన గ్యాసు కట్టేశానని చెప్పినా వంటింట్లోకి వెళ్లి చూసొస్తాను. ఆయన పాపం ఏమీ అనడు. నేను తిరిగొచ్చేదాకా చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడతాడు.

కొండ కింది వీధి నుంచి ఒకావిడ ఫోన్ చేసినప్పుడు కూడా నా అనుమానమే ముందు లేచింది. "మేడమ్, నీళ్లు కంపు కొడ్తాండాయి. నా కూతురు కాన్పుకొచ్చింది. కామెర్లు తగులుకున్యాయి. ఆసుపత్రిలో నీళ్లవల్లే అన్నారు. మీరొకసారి వచ్చి చూడండి" అంది. గొంతులో కోపం లేదు. కోపం లేని ఫిర్యాదు నాకు అరుదు, అందుకే ఆ పొద్దే వెళ్లాను.

ఆమె బస్టాండు దగ్గర పూలు కట్టి అమ్ముతుంది. మొగుడు హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో కూలికి పోతాడు. ఉన్నది ఒక్క కూతురే, ధర్మవరంలో మగ్గాలున్న ఇంటికి ఇచ్చారు. శ్రీమంతం చేసి మొదటి కాన్పుకని పుట్టింటికి తెచ్చుకున్నారు. నేను వెళ్లేసరికి ఆ అమ్మాయి గోడకానుకొని కూర్చుని ఉంది. కళ్లు పచ్చబడ్డాయి, కడుపు మీద చెయ్యి వేసుకుని ఉంది. పూలావిడ నన్ను బయటికి పిలిచి మెల్లగా చెప్పింది. "వాళ్ల అత్తోళ్లకు ఇంకా చెప్పలేదు మేడమ్. తెలిస్తే తీసుకొని పోతారు. మొదటి కాన్పు నా ఇంట్లో జరక్కపోతే నేనేం తల్లిని?" ఆ మాట విన్నాక నాకు ఇది ఫిర్యాదులా అనిపించలేదు, బాధేసింది.

అనుమానం మొదట మా వాల్వు మనిషి మీదికి పోయింది. వీధివీధికీ తిరిగి వాల్వులు తిప్పడం, ట్యాంకులో బ్లీచింగ్ పౌడరు కలపడం ఆయన పని. వయసులో నాకంటే పెద్ద, మాట చాలా తక్కువ. మాట తక్కువగా ఉండేవాళ్ల మీద నాకు ఇంకాస్త ఎక్కువ అనుమానం. పౌడరు వేయకుండా మూట అలాగే పక్కన పెడుతున్నాడేమో అనుకున్నాను.

దానికి ఒక పరీక్ష ఉంది. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి, మందు చుక్కలు వేస్తే, బ్లీచింగ్ సరిపడా ఉన్న నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి. రంగు రాకపోతే ఆ నీళ్లలో క్రిముల్ని చంపేది ఏమీ మిగల్లేదని అర్థం. ట్యాంకు దగ్గర పట్టి చూశాను. చక్కగా పసుపు వచ్చింది.

"నేను వస్తున్నానని తెలిసి ఈ పొద్దే వేశావా?" అని అడిగాను.

"ఏస్తే నమ్మరు, ఏయకపోతే ఊరుకోరు. ఏం చేయమంటారు మేడమ్?" అన్నాడు, నా వైపు చూడకుండానే.

ఆయన్ను నమ్మలేదు కానీ చేతిలో ఉన్న గొట్టాన్ని నమ్మక తప్పలేదు. నీళ్లు వదిలాక కొండ కింది వీధిలోకి వెళ్లాం. వీధి మొదట్లో పట్టిన నీళ్లు పసుపుగా తిరిగాయి. మధ్యలో ఆ రంగు వెలిసిపోయింది. చివరన ఉన్న పూలావిడ ఇంటి కుళాయి నీళ్లకు రంగే రాలేదు. మందు వేసినా తెల్లగా అలాగే ఉన్నాయి. అంటే ట్యాంకు నుంచి మంచిగా బయల్దేరిన నీళ్లు ఈ వీధి దాటేలోపల చెడిపోతున్నాయి.

ఈలోపు నా చుట్టూ జనం మూగారు. గాజు గొట్టంలో పసుపు కనిపించగానే వీధి మొదట్లో ఉన్న ముసలాయన గట్టిగా అరిచాడు. "చూడండబ్బా, పచ్చగా అయినాయి! కామెర్లు తెచ్చే నీళ్లు ఇవే!" అందరూ గుసగుసలాడారు. పసుపు వస్తేనే మంచివి, రాకపోతేనే చెడ్డవి అని నేను ఎంత చెప్పినా ఒక్కరూ నమ్మలేదు. ఆఫీసు వాళ్లు తమ తప్పు కప్పిపెట్టుకోవడానికి ఇట్లాంటివి చెబుతారని వాళ్ల లెక్క. వాళ్ల స్థానంలో ఉంటే నేనూ నమ్మేదాన్ని కాదు, ఆ సంగతి నాకు తెలుసు. పూలావిడ మాత్రం ముఖం విప్పారి, "మావి తెల్లగా ఉండాయి కదా మేడమ్. అయితే మావి మంచివే" అంది. ఆమెను పక్కకు తీసుకెళ్లి మళ్లీ చెప్పాను. తల ఊపింది.

తల ఊపితే నమ్మినట్టు కాదని నాలాంటిదానికైనా తెలియాలి. మళ్లీ నీళ్లు వదిలిన రోజు వెళ్తే కడుపు మండిపోయే దృశ్యం కనిపించింది. వీధి మొదటి ఇళ్లవాళ్లు తమ కుళాయి వదిలేసి, బిందెలు చంకనేసుకుని చివరి ఇంటికి వచ్చి పట్టుకుంటున్నారు. మంచి నీళ్లు ఇంట్లో పెట్టుకుని చెడ్డ నీళ్ల కోసం వరసలో నిలబడ్డారు. పూలావిడ అడిగినవాళ్లకల్లా బిందె నింపి పంపుతోంది. కాచి తాగమని డాక్టరు చెప్పిన మాట కూడా పక్కన పెట్టేసింది. "తెల్లనీళ్లు కదా, కాంచేది ఎందుకని" అంది. నేను అక్కడే అరిచాను. ఆ అరుపుకు కొందరు బిందెలు దించారు, కొందరు నింపుకుని పోయారు.

అప్పుడే ఆ కుళాయిల వైపు సరిగ్గా చూశాను. నీళ్లు సన్నగా వస్తాయని ఎవరో ముందు కుళాయి కింద గుంత తవ్వి, పైపు కోసి, కుళాయిని కిందికి దించారు. పల్లానికి నీళ్లు ఎక్కువ వస్తాయి కదా. దాంతో పక్కింటికి తగ్గాయి. వాళ్లు ఇంకాస్త లోతు తవ్వారు. వాళ్లను చూసి వీళ్లు, వీళ్లను చూసి వాళ్లు. అట్లా వీధి వీధంతా ఇంటి ముందు గుంతలే. గుంతలోకి దిగి బిందె నింపి పైకి అందివ్వాలి. పూలావిడ గుంత అన్నిటికంటే లోతు. "పాప వచ్చేముందు తవ్వించినా మేడమ్. నిండు మనిషి నీళ్లకు తిరగకూడదని" అంది.

బట్టలుతికిన నీళ్లు, గిన్నెలు తోమిన నీళ్లు, మోరీ నీళ్లు అన్నీ ఆ గుంతల్లోకే చేరుతున్నాయి. కుళాయి మూతి ఆ మురికిలో మునిగి ఉంటుంది. వాల్వు కట్టేశాక పైపులో నీళ్లు వెనక్కి జారుతూ ఆ మురికిని లోపలికి పీలుస్తాయి. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు అదంతా వీధి చివరికి కొట్టుకుపోతుంది. చివరన ఉన్నది గర్భిణి ఉన్న ఇల్లు.

గుంతలు పూడ్చాలని చెప్పాను. అప్పుడు చూడాలి ఆ వీధిని. ఎవరి నోట విన్నా ఒకటే మాట. "మా గుంతలో మురికి లేదు మేడమ్, పక్కోళ్ల దాంట్లోనే." "మేము పూడ్చినంక వాళ్లు పూడ్చకపోతే మాకు చుక్క రాదు." మటన్ అంగడి మోరీ మీద ఒకరు నెపం వేశారు. ఆ అంగడాయన మా వాల్వు మనిషి మీద వేశాడు. వాల్వు మనిషి ఎవరి మీదా వేయకుండా బీడీ ముట్టించుకున్నాడు, అందుకు నాకు ఆయన మీద ఇంకో అనుమానం పుట్టింది. పూలావిడ ఒక్కతే ముందుకొచ్చింది. "నేను ఇప్పుడే పూడుస్తా మేడమ్. కానీ నేనొక్కదాన్నే పూడిస్తే ఏం లాభం? పై ఇండ్లోళ్ల మురికి నాకే కదా వచ్చేది." ఆమె చెప్పింది నిజమే.

చివరికి నేను ఒక మాట చెప్పాను. అందరూ ఒకే రోజు పూడ్చండి, ఎవరు మిగిలినా వాళ్ల కనెక్షన్ తీసేస్తాను అని. తీసే అధికారం నాకు ఒక్కదానికే లేదని వాళ్లకు తెలియదు, నేనూ చెప్పలేదు. ఒప్పుకున్నారు కానీ ఆ రోజు ఒక వింత జరిగింది. ఎవరూ తమ గుంత పూడ్చుకోలేదు. ప్రతి ఒక్కరూ పార తీసుకుని పక్కింటి గుంత దగ్గరికి పోయారు. తమ గుంత తాము సరిగ్గా పూడుస్తామనే నమ్మకం అందరికీ ఉంది. పక్కవాళ్లు పూడుస్తారనే నమ్మకమే లేదు. కాబట్టి పక్కవాళ్లది తామే పూడ్చి, కాలితో తొక్కి గట్టి చేసి, రాళ్లు కూడా వేశారు. ఇంత శుభ్రంగా జరిగిన పని నా ఉద్యోగంలో ఇంకోటి చూడలేదు. ప్లంబరు కుళాయిలన్నీ నేల మీదికి ఎత్తాడు. పైపులో మిగిలిన మురికి పోయేదాకా నీళ్లు వదిలి పారబోయించాం.

నీళ్లు సన్నగానే వచ్చాయి, కానీ అందరికీ వచ్చాయి. వాసన లేదు. పూలావిడ ఇంటి కుళాయి నీళ్లు పట్టి చుక్కలు వేస్తే మొదటిసారి పసుపు రంగు తిరిగింది. ఆమె ఆ రంగు చూసి ఒక అడుగు వెనక్కి వేసింది, తర్వాత నా ముఖం చూసి నవ్వింది. నాకైతే ఆ రంగు పూసిన తంగేడు అంత అందంగా కనిపించింది. ఆ అమ్మాయికి కూడా కామెర్లు దిగుతున్నాయని, కళ్లు తెల్లబడుతున్నాయని చెప్పింది.

ఈలోపు ధర్మవరానికి కబురు పోయింది. ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు. నాకు ఒకరి మీద అనుమానం ఉంది, రుజువు లేదు. "వియ్యపురాలు వచ్చింది మేడమ్. తీసుకొని పోతానంటాది. మీరు వచ్చి చెప్తే ఇంటాది" అని పూలావిడ ఫోన్ చేసింది. నేను గాజు గొట్టం, మందు సీసా తీసుకుని వెళ్లాను.

వియ్యపురాలు ప్లాస్టిక్ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. ముందు పెట్టిన కాఫీ చల్లారి మీగడ కట్టింది. పెద్దగా అరిచే మనిషి కాదు. "నీ మీద కోపం కాదు వదినా. నీళ్లు నమ్మకం లేని చోట పిల్లను ఎట్ల పెట్టేది?" అంటోంది. నేను గుంతల సంగతి, పైపు సంగతి అన్నీ విడమరిచి చెప్పాను. ఆమె చూస్తుండగానే కుళాయి నీళ్లు పట్టి చుక్కలు వేశాను. పసుపు తిరిగింది. ఆమె గొట్టం వైపు చూసి, కోడలి కళ్ల వైపు చూసి, ముఖం తిప్పుకుంది. రంగు చూపించి నమ్మించబోవడం ఎంత తెలివితక్కువ పనో నాకప్పుడు అర్థమైంది.

"రంగు సంగతి నాకేం తెలుసమ్మా. మీరు తాగుతారా ఈ నీళ్లు?" అని అడిగింది.

అందరినీ అనుమానించే నన్ను ఒకరు అట్లా సూటిగా అనుమానించడం అదే మొదలు. మంట పుట్టింది, కానీ అడగడంలో తప్పు లేదు. కుళాయి తిప్పి గ్లాసు నిండా పట్టి, నిలబడిన చోటే మొత్తం తాగాను. పూలావిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. ఖాళీ గ్లాసు బోర్లించి చూపించాను.

వియ్యపురాలు ఆ గ్లాసు అందుకుని పక్కన పెట్టింది. తర్వాత, "మీ కడుపులో బిడ్డ లేదు కదమ్మా" అంది, చాలా మెల్లగా.

నీళ్లు మంచివని నాకు తెలుసు. పరీక్ష చేశాను, తాగాను, ఇంకా ఏం చేయాలో తోచలేదు. పూలావిడ మాత్రం పట్టు వదల్లేదు. కాచి, వడపోసి ఇస్తానంది, బయట నుంచి క్యాన్లు తెప్పిస్తానంది. మొదటి కాన్పు వదినా, నా ముఖం చూడు అంది. వియ్యపురాలు ఆమె చెయ్యి పట్టుకుంది కానీ మాట మార్చుకోలేదు. లోపల కూతురు బట్టలు సర్దుకుంటున్న చప్పుడు వినిపించింది. సర్దుకోమని ఆమెతో ఎవరైనా అనడం నేను వినలేదు.

ఆటో వచ్చి వీధిలో ఆగింది. బయట ఎండ మండిపోతోంది. ఆ అమ్మాయి నడుం పట్టుకుని మెల్లగా గుమ్మం దాకా వచ్చింది. పూలావిడ కళ్లు తుడుచుకుని గబగబా లోపలికి పోయి, స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చింది. "ఎండ జాస్తిగా ఉండాది. రోంత తాగి పో పాపా" అంది.

ఆ అమ్మాయి గ్లాసు వైపు చూసింది. అత్త అప్పటికే ఆటో దగ్గర సంచి పెట్టిస్తోంది, ఇటు చూడటం లేదు.

"వద్దులేమ్మా. ఆడికి పోయినంక తాగుతా."

అదే మాట అత్త అని ఉంటే పూలావిడ ఇంకా వాదించేది. కూతురు అనేసరికి, ఆటో మలుపు తిరిగినా, గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడింది.