జడలు వేసింది నేను

మా ఇంట్లో అందరి సంగతులూ చుట్టాలు వచ్చినప్పుడు చెప్పుకుంటారు. మా ఆవిడ పత్తి తీతకు పోయి పామును తొక్కబోయిన సంగతి, మా చిన్నది బడిలో పాట మధ్యలో నిద్రపోయిన సంగతి, చివరికి మా బర్రె తాడు తెంపుకుని అర్ధవీడు రోడ్డెక్కి బస్సును ఆపిన సంగతి కూడా. నేను జడలు వేసిన సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. నేనే ఎత్తితే "మళ్ళీ మొదలుపెట్టినాడు" అని నవ్వి, టీ గ్లాసులు తీసుకుని లోపలికి పోతారు. ఏళ్ళ తరబడి నేను అడుగుతున్నది ఒకే ఒక్క ప్రశ్న. జవాబు చెప్పాల్సిన మనిషి మా పెద్దమ్మాయి. ఆమె ఇంతవరకు చెప్పలేదు. ఇంట్లో నా మాట పూర్తిగా వినేవాళ్ళు లేరు కాబట్టి మొదటి నుంచి రాస్తున్నాను.

అప్పుడు పెద్దది నాలుగో తరగతి, చిన్నది ఒకటి. మాకు కొంచెం మెట్ట పొలం, రెండు బర్రెలు. ఆ ఏడు మా కంది సరిగా కాయలేదు. మా ఆవిడ పక్క ఊళ్ళకు పత్తి తీతకు పోవడం మొదలుపెట్టింది. చలికాలంలో ఇంకా తెల్లారక ముందే కూలీల ఆటో మా వీధి చివర హారన్ కొట్టేది. అది ఎవరి కోసమూ ఆగదు. పిల్లలకు అన్నం వండి పెట్టి పోయేది గాని జడలు వేసే టైము ఆమెకు ఉండేది కాదు. బడిలో మాత్రం రెండు జడలు అల్లి, పైకి మడిచి, రిబ్బన్లు కట్టుకుని రావాలి.

మొదటి రోజు దువ్వెన నా చేతిలో పెట్టి, "ఏందయ్యా, పలుపులు అల్లుతావు గదా, జడ అల్లలేవా?" అంది.

ఆ మాట ఎగతాళికే అంది. నేను మాత్రం దాన్ని మనసులో పెట్టుకున్నాను. మా నాయన దగ్గర నేర్చుకున్న పని అది. బర్రెకు, దూడకు మెడకు కట్టే పలుపు నేను అల్లితే ఊళ్ళో వాళ్ళు అడిగి తీసుకుపోయేవాళ్ళు. పిల్లల జుట్టు ఏపాటి?

నారను తడిపి అల్లితే పాయ జారదు. అందుకని పెద్దదాన్ని పీట మీద కూర్చోబెట్టి, తొట్టిలో నీళ్ళు చెంబుతో ముంచి తల మీద పోశాను. మంచు పొలాల మీద నుంచి ఇంకా లేవలేదు. అది పెట్టిన కేకకు బర్రె మేత ఆపి మా వైపు చూసింది.

"నీళ్ళెందుకు పోసినావు నాయనా?"

"తడపకుంటే పాయ జారుద్దమ్మీ."

"అది నార. ఇది నా తల."

"కదలబాక."

మూడు పాయలు తీసి, కాలి బొటనవేలికి తాడు కట్టి గుంజినంత బలంతో గుంజి అల్లాను. చివర దూడ ముడి వేశాను. ఆ ముడి దూడ ఎంత గుంజితే అంత బిగుస్తుందే గాని ఊడదు. తర్వాత చిన్నదానికీ అట్లే వేశాను. అది లేచి నిలబడి, చాలాసేపు నా మొహంలోకి చూసింది.

"నాయనా, నా కండ్లు మూతపడటం లేదు."

నిజమే. కనుబొమలు నుదుటి మీదికి పోయాయి. ఆ రోజంతా అది ఏదో వింత చూసినదానిలా బడిలో తిరిగిందట. సాయంత్రం మా ఆవిడ ఆ ముడులు విప్పలేక రిబ్బన్లు కత్తిరించింది. "ఇవి బిడ్డల జడలా, దూడల పలుపులా?" అంది. పెద్దది తుమ్ముతూ, వాళ్ళమ్మ ఒళ్ళో తల పెట్టి, నన్ను ఓరకంట చూసింది.

నేను వదిలిపెట్టే మనిషిని కాదు. మరునాటి నుంచి నీళ్ళు మానేసి కొబ్బరి నూనె పట్టుకున్నాను. చలికి నూనె సీసాలో తెల్లగా పేరుకుపోయేది. పొయ్యి పక్కన పెడితే ప్లాస్టిక్ సీసా ఒక పక్కకు కరిగి వంకరపోయింది. అప్పటి నుంచి చిన్నది ఆ సీసాను రాత్రి సంకలో పెట్టుకుని పడుకునేది, కోడి గుడ్డు పొదిగినట్టు. తెల్లారి లేచి, "నాయనా, కరిగింది" అని నా చేతికి ఇచ్చేది. దుప్పటంతా నూనె మరకలు. "దీని పక్కన పడుకుంటే కొబ్బరి మిఠాయి వాసన" అని పెద్దది గోడ వైపుకు జరిగి పడుకునేది.

పెద్దదానికి ఇంకో పేచీ. పాలు పితికి వచ్చిన నా చేతులు బర్రె వాసన వస్తాయని. సబ్బుతో కడుక్కుని వచ్చి ఆమె ముందర చేతులు చాపాలి. ఆమె వాసన చూసి, ముక్కు ముడిచి, ఒక్కోసారి వెనక్కి పంపేది. బాగుంటే "ఆ, ఇప్పుడు ఎయ్యి" అని తల తిప్పి కూర్చునేది. తర్వాత ఆ చేతులను పత్తి కట్టె మంట మీద కాచుకోవాలి, లేకపోతే మెడకు తగలగానే ఎగిరి పడేది. చిన్నదానికి ఏ వాసనైనా ఒకటే. అది నా గొంగడి కప్పుకుని తన వంతు కోసం మంట పక్కన కూర్చుని ప్రశ్నలు వేసేది.

"నాయనా, నీకు జడ ఎవరేస్తారు?"

"నాకెందుకమ్మా జడ?"

"నాయనకు ఎయ్యటానికి ఏముందే అక్కడ?" అనేది పెద్దది, వెనక్కి తిరక్కుండానే.

నాకు అప్పటికే నడినెత్తి మీద జుట్టు పోయింది. ఆ మాట నేను ఇప్పటికీ మర్చిపోలేదు. అయితే దాని తర్వాత చిన్నది వచ్చి దువ్వెనతో నా మీసాన్ని రెండు పాయలుగా దువ్వి, అల్లడానికి చాలడం లేదని దిగులుపడింది. అదీ మర్చిపోలేదు. పత్తి తీత ఉన్నన్నాళ్ళూ మా పొద్దులు అట్లా గడిచాయి. నా చేయి కుదిరింది. నొప్పి లేకుండా, వదులు కాకుండా అల్లడం వచ్చింది. పాపిట తీస్తే దారం పట్టి గీసినట్టు ఉండేది.

ఇక జరిగింది చెబుతాను. జనవరిలో ఒక రోజు చిన్నది స్వెట్టర్ మర్చిపోయి బడికి పోయింది. నేను తీసుకుని వెళ్ళాను. రిపబ్లిక్ డే కోసం పిల్లలను బడి ముందర వరసల్లో నిలబెట్టి డ్రిల్లు చేయిస్తున్నారు. టీచరమ్మ మా పెద్దదాని దగ్గర ఆగి, జడ చేత్తో పట్టుకుని మిగతా ఆడపిల్లలకు చూపించింది.

"చూడండే, జడంటే ఇట్లుండాలి. ఒక్క వెంట్రుక లేవలేదు. ఎవరేసినారు పాపా?"

నేను గేటు దగ్గర నిలబడి ఉన్నాను. ఆ మాట వినగానే మీసం సర్దుకున్నాను, దాచేదేముంది. పెద్దది తల ఎత్తింది. నన్ను చూసింది. మా చూపులు కలిశాయి, ఇందులో అనుమానం లేదు.

"మా అమ్మ" అంది.

పక్కనే ఉన్న చిన్నవాళ్ళ వరసలో నుంచి చిన్నది నోరు తెరిచింది. పెద్దది పక్కకు చెయ్యి చాపి దాని చెయ్యి నొక్కింది. అది నోరు మూసుకుంది. టీచరమ్మ "మీ అమ్మ చేతులు బంగారం" అని ముందుకు పోయింది. నేను స్వెట్టర్ చిన్నదాని చేతిలో పెట్టాను.

"నాయనా, అక్క..."

"వేసుకో, చలిగా ఉంది" అని వచ్చేశాను.

సాయంత్రం ఎవరినీ ఏమీ అడగలేదు. నేనెందుకు అడగాలి? చెప్పాల్సింది ఆమె. రాత్రి అన్నం దగ్గర కూడా చెప్పలేదు. మరునాడు పొద్దున ఎప్పటిలాగే దువ్వెన, నూనె సీసా తెచ్చుకుని, నాకు వీపు పెట్టి పీట మీద కూర్చుంది. నేను బర్రె దగ్గర నుంచి కదలలేదు.

"నాయనా, టైమైతంది."

"మీ అమ్మేస్తది గదా. అమ్మనే అడుగు."

ఆ వీపు అట్లే ఉండిపోయింది. వెనక్కి తిరిగి ఒక్క మాట అడుగుతుందని చూశాను. తిరగలేదు. కాసేపటికి లేచి, చిన్నదాన్ని పిలిచి, తనే దువ్వడం మొదలుపెట్టింది. చిన్నది ఏడ్చింది.

"నువ్వొద్దు, నాయనేస్తాడు."

"నాయనకు పనుంది. కదలబాక" అంది పెద్దది.

నాకు పనేమీ లేదు. అది ఆమెకు కనబడుతూనే ఉంది.

ఇద్దరూ వంకర పాపిటలతో, ఒకటి పైకి ఒకటి కిందికి ఉన్న జడలతో బడికి పోయారు. ఆ రోజే కాదు, తర్వాత రోజులూ అంతే. చిన్నది మా ఇద్దరి మధ్య తిరిగేది. "నాయనా, నువ్వు అలిగినావా అని అక్క అడగమంటంది." లేదని చెప్పమనేవాడిని. అది లోపలికి పోయి, నాకు వినబడేలాగే చెప్పేది: "అలగలేదంట. మూతి మాత్రం ముడుచుకోనుండాడు." నాకు నవ్వు వచ్చేది, ఆపుకునేవాడిని. లోపల పెద్దది కూడా ఆపుకుందేమో తెలియదు. ఎవరో ఒకరం నవ్వి ఉంటే సరిపోయేది. ఆ మొండితనం ఎవరి నుంచి వచ్చిందో మా ఆవిడ రోజూ చెబుతూనే ఉంటుంది.

ఒక ఆదివారం మా ఆవిడ ఇద్దరినీ కంభం తీసుకుపోయి జుట్టు మెడ దాకా కత్తిరించి తెచ్చింది. నన్ను ఒక్క మాట అడగలేదు. ఎందుకట్లా చేశావంటే, "నువ్వెయ్యవు, నాకు టైముండదు. ఆ చిక్కులు ఎవరు తీస్తారు?" అంది. చిన్నదానికి అదొక ఆట. వీధంతా తిరిగి వచ్చి, "నాయనా, చలి మెడలోకి పోతంది, భలేగుంది" అని మెడ చూపించింది. నా తువ్వాలు దాని మెడకు చుట్టాను. పెద్దది గడప మీద కూర్చుని హోంవర్క్ రాసుకుంటోంది. రాస్తూ రాస్తూ, ముందుకు పడ్డ జడను వెనక్కి విసిరే అలవాటుతో చెయ్యి భుజం మీదికి తీసుకుపోయింది. అక్కడ ఏమీ లేదు. చెయ్యి దించి మళ్ళీ రాసుకుంది. నేను చూశాను. తన దగ్గరికి పోలేదు.

పై ఏడు జుట్టు పెరిగింది గాని మా ఆవిడ పత్తి తీత మానేసి అంగన్‌వాడీలో పనికి కుదిరింది. పొద్దున ఇంట్లోనే ఉండేది, జడలు ఆమే వేసేది. ఆమె వేసిన జడలు మధ్యాహ్నానికే లేచిపోయేవి. నేను చూసి ఊరుకునేవాడిని. తర్వాత ఇద్దరూ వాళ్ళంతట వాళ్ళే వేసుకోవడం నేర్చుకున్నారు. ఇప్పుడు పెద్దది మార్కాపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. చిన్నదానికి పైట వేసుకునే వయసొచ్చింది. చలికాలం వస్తే మంట వేస్తాను. నా ఒక్కడికే.

నా ప్రశ్నకు ఇంట్లో వాళ్ళు తలా ఒక జవాబు తయారుచేశారు. చిన్నది అంటుంది, "టీచరమ్మ ముందర మా నాయన జడలేస్తాడని చెబితే పిల్లోళ్ళు ఏడాదంతా నవ్వరా నాయనా? అక్కకు సిగ్గేసింది, అంతే." సరే, అదే నేనూ అనుకుంటూ వచ్చాను. నా కోపానికి అది చాలు.

ఈ మధ్య ఒక సాయంత్రం నేనూ మా ఆవిడా కంది కాయలు వలుస్తూ కూర్చున్నాం. మాటల్లో నేను మళ్ళీ ఆ సంగతి ఎత్తాను. ఈసారి ఆమె నవ్వలేదు.

"ఆ యేడు ఊళ్ళో నా మీద ఒక మాట ఉండె. బిడ్డలను ఇడిసిపెట్టి కూలికి పోతంది, వాళ్ళ తల గూడ దువ్వదు అని. బోరింగు కాడ పెద్దదానికి వినబడేటట్టే అన్నారు. అందుకే టీచరమ్మ అడిగితే నా పేరు చెప్పిందేమో."

"అట్లని అది నీకు చెప్పిందా?"

"చెప్పలే. నా బిడ్డ నాకు తెలీదా?"

"మరి ఇన్నేళ్ళు నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు అడిగింది దాన్ని గదా. నన్నెప్పుడు అడిగినావు?"

నాలుగో తరగతి పిల్ల వాళ్ళమ్మ మీద మాట పడకుండా అడ్డం నిలబడిందా? అదే నిజమైతే, మరునాడు పీట మీద కూర్చున్న ఆ వీపును నేను దేనికి శిక్షించినట్టు? కానీ అది మా ఆవిడ ఊహ. ఊహల మీద నేను నా కోపాన్ని వదులుకోను, ఊహల మీద తప్పు ఒప్పుకోను. నిజం తెలిసిన మనిషి ఒక్కతే.

పోయిన ఆదివారం ఫోన్లో అడిగాను. ఆమె నవ్వింది. "ఇంకా అదేనా నాయనా? అమ్మకియ్యి" అంది. ఇచ్చాను. వాళ్ళిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు.

అందుకే అమ్మీ, ఇది నీకే. నువ్వు ఆ రోజు గేటు దగ్గర నన్ను చూశావు. చూసి కూడా "మా అమ్మ" అన్నావు. నా మీద సిగ్గుతో అన్నావా, మీ అమ్మ మీద మాట పడకూడదని అన్నావా? సిగ్గైతే సిగ్గని చెప్పు, నేను ఏమీ అనుకోను. అనుకుంటే అనుకుంటాను, అది నా తిప్పలు. రెండోదైతే మాత్రం నేను నీకు చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. నీ జవాబు వినకుండా అది నా నోట రాదు. చిన్నదాన్నీ మీ అమ్మనూ మధ్యకు లాగకు. ఆదివారం ఫోన్ చెయ్యి. ముందు నాకు జవాబు చెప్పు, తర్వాత అమ్మకిస్తాను.