గట్టు మీద పెట్టిన ఒట్టు

తంబళ్లపల్లె బస్టాండులో మదనపల్లె బస్సు పూర్తిగా ఆగకముందే తేజస్విని చేతిగుడ్డ కిటికీలోంచి లోపలికి వెళ్లిపోతుంది. మనిషి మాత్రం అందరినీ ఎక్కనిచ్చి నిదానంగా ఎక్కుతుంది. ఆడవాళ్లకు బస్సు ఉచితమైనప్పటి నుంచి ఆ బస్సులో నిలబడే చోటుకు కూడా తోపులాటే. అయినా ఎడమవైపు మూడో సీటు మీద ఆ నీలం గుడ్డ పడిందంటే రెండు చోట్లూ తేజస్వినివే. ఇంటర్ చదివిన రెండేళ్లూ ఆ రెండో చోటు, మూడో స్టాపులో ఎక్కే సుప్రజది.

పోయినేడు దసరా సెలవులైపోయాక సుప్రజ ఎక్కలేదు. జ్వరమన్నారు. వారమైనా రాలేదు. తేజస్విని మాత్రం సీటు పట్టడం మానలేదు.

మదనపల్లెలో ఆకుకూరలమ్మే మునెమ్మ గంప కాళ్ల దగ్గర పెట్టుకుని రోజూ తగువు పెట్టుకునేది. "ఏం పాపా, గుడ్డకు కూడా కాళ్లు నొస్తాయా? నన్ను కూచోనీ."

"మూడో స్టాపు దాకా ఓర్సుకో అవ్వా. సుప్రజ రాకుంటే నువ్వే కూచుందువు."

"ఆ మారాణి నెల దినాలుగా రాలేదు గదే."

"ఈ పొద్దు వస్తాదేమో."

రాలేదు. మునెమ్మ కూర్చునేది.

తేజస్విని క్లాసులో ఫస్టు వచ్చే పిల్ల. ఏ కష్టానికైనా నోట్సే మందనుకుంది. శనివారం శనివారం అన్ని పాఠాలూ తిరగరాసి తీసుకుపోయేది. సుప్రజ గోడవైపు తిరిగి పడుకుని ఉండేది. తల దువ్వుకుని ఎన్నాళ్లయిందో. మూడో శనివారం, వెనక్కి తిరగకుండానే అంది. "ఆ పుస్తకాలు తీసకపో తేజూ. వాటిని సూస్తే నాకు ఊపిరాడదు."

తేజస్వినికి తల తీసేసినట్టయింది. ఆ తర్వాత ఉత్త చేతులతోనే వెళ్లింది. అప్పుడు వేరుశెనగ చేలల్లో చెనిక్కాయ పీకుతున్న రోజులు. సుప్రజ వాళ్ల వాకిట్లో చెట్లు కుప్ప పోసి ఉన్నాయి. ఆమె ఆ కుప్ప ముందు కూర్చుని కాయలు తెంపసాగింది. సుప్రజను పిలవలేదు. కాసేపటికి సుప్రజే బయటికొచ్చి పక్కన కూలబడింది. ఆ రోజు ఇద్దరూ కలిసి అరబుట్ట కాయలు తెంపారు. మర్నాడు ఇంకో అరబుట్ట. కాలేజీ నుంచి వస్తూ మూడో స్టాపులో దిగడం తేజస్వినికి అలవాటైంది.

ఒక సాయంత్రం, మట్టిచేతులతోనే సుప్రజ చెప్పింది. "రేత్రి పండుకునేటప్పుడు, పొద్దన్నే లేవకుండా ఉంటే బాగుంటాది అనిపిస్తాది తేజూ. రోజూ అంతే. ఎవురికన్నా చెప్పినావంటే నామీద ఒట్టే."

ఒట్టు తప్పితే ఎవరి మీద వేశారో వాళ్లకే కీడని చిన్నప్పటి నుంచి విన్న మాట. తేజస్విని చేతిలో చెట్టు అట్లాగే ఉండిపోయింది. చెబితే సుప్రజకేమవుతుందోనని ఒక భయం. చెప్పకపోతే ఏమవుతుందోనని మరో భయం. మొదటిది విన్న భయం, రెండోది ఎదురుగా కూర్చున్న భయం. ఆమె చెట్టు కింద పెట్టి, లేచి, పాకలో ఆవుకు మేత వేస్తున్న సుప్రజ తల్లి సావిత్రమ్మ దగ్గరికి నేరుగా నడిచింది. విన్నదంతా విన్నట్టే చెప్పింది.

సావిత్రమ్మ మేతగంప పట్టుకునే నిలబడింది. "తాయెత్తు కట్టించినాం గదమ్మా. పుంగనూరులో మా అన్న ఇంట్లో నాలుగు దినాలుంటే తేరుకుంటాదని వాళ్ల నాయన అంటాండాడు."

"పుంగనూరికి తర్వాత పోవచ్చు అత్తా. రేపు పెద్దాసుపత్రికి పోదాం. తాయెత్తు ఉండనీ, డాక్టరు కూడా ఉండనీ."

"మెంటల్ డాక్టరు కాడికని తెలిస్తే ఊరేమంటాది?"

"నీకు కన్ను మసకైతే కంటి డాక్టరు కాడికి పోలేదా? అప్పుడు ఊరేమనింది? రేపు బస్సెక్కేదాకా దాన్ని ఒంటిగా మాత్రం వదలొద్దు. నీ పక్కనే పండుకోబెట్టుకో."

పాక గుమ్మంలో సుప్రజ నిలబడి ఉంది. "నామీద ఒట్టేసినా గదా మే."

"తీసి గట్టు మీద పెట్టినాను. కోపమొస్తే కోప్పడు. కోప్పడేదానికి నువ్వుండాల."

సుప్రజ లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు మూడో స్టాపులో సావిత్రమ్మ ఎక్కింది, వెనకే సుప్రజ. తేజస్విని గుడ్డ వేసిన చోటు చూపించింది. సుప్రజ కిటికీ బయటికి చూస్తూ కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది. బస్సు కదిలింది. ఖాళీ సీటు, కిక్కిరిసిన జనం. ఎవరైనా కూర్చుందురే గానీ మునెమ్మ గంప అడ్డం జరిపింది.

"నువ్వేనా సుప్రజ అంటే? కూచో తల్లీ. నీకోసరం ఈ పాప నన్ను దినామ్మూ మూడు స్టాపులు నిలబెడతాండాది. నువ్వూ కూచోకుంటే నా కాళ్ల ఉసురు తగులుతాది."

సుప్రజ గుడ్డ ఒళ్లోకి తీసుకుని కూర్చుంది. మదనపల్లె వచ్చింది. దిగే ముందు ఒళ్లోని నీలం గుడ్డ తిరిగిచ్చింది.

"ఉతుకు మే దీన్ని. కంపు కొడతాండాది."

డాక్టరిచ్చిన మందులు పనిచేయడానికి వారాలు పట్టింది. మధ్యలో మళ్లీ గోడవైపు తిరిగిన రోజులూ ఉన్నాయి. ఆ రోజుల్లో తేజస్విని మంచం పక్కన కూర్చుని తన పుస్తకం తను చదువుకునేది.

ఇప్పుడు సుప్రజ ఇంటర్ గట్టెక్కి కుప్పంలో నర్సింగ్ చదువుతోంది. తేజస్విని మదనపల్లెలో డిగ్రీ మొదటి సంవత్సరం. బస్సులో ఆమె పక్క చోటు మునెమ్మది.