సున్నం బొట్టు పెట్టిన రాళ్లు

మర్రిగూడ దగ్గరి మెరక చేలల్లో రాళ్ల వలయాలు చూసి వచ్చామని ఎవరైనా ఉత్సాహంగా చెబితే నేను మాట మారుస్తాను. తెలియక కాదు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల చదువుకున్నవాళ్లలో వాటిని నాకంటే బాగా గుర్తుపట్టేవాడు లేడు. ఆ గర్వమే నా చేత చేయకూడని పని చేయించింది.

అవి నిజాం సర్కారు చివరి రోజులు. నేను అక్కడి బడిలో పంతులుని. పాత కట్టడాలు చూసే సాహెబు ఒకాయన పట్నం నుంచి వస్తూ మంచినీళ్లకు బడి దగ్గర ఆగాడు. పలక మీద నా ఉర్దూ రాత చూసి మెచ్చుకున్నాడు. నాకు అంతే చాలు, ఉబ్బిపోయాను. ఊళ్లో వాళ్లు రాకాసి గుండ్లు అనేవి ఎప్పటివో మనుషుల సమాధులని చెప్పి, చుట్టుపక్కల ఎన్ని ఉన్నాయో, ఒక్కోదానికి ఎన్ని రాళ్లో రాసి పంపమని అడిగాడు. గుర్తుపట్టే పద్ధతి కూడా పుల్లతో నేల మీద గీసి చూపించాడు. రాళ్లు సగం దాకా భూమిలో దిగి ఉండాలి. గుండ్రంగా వరస తప్పకుండా ఉండాలి. నడుమ నేల కాస్త ఉబ్బి, గులకరాళ్లతో నిండి ఉండాలి.

శుక్రవారం బడికి సెలవు. మొదటి శుక్రవారమే ఒక వలయం దొరికింది. అడుగులు వేసి కొలిచి, చెట్టు నీడన కూర్చుని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుంటుంటే వెనక ఎవరో నవ్వారు. గొర్రెల వెనక నడిచి వస్తున్న ముసలామె.

"అది మా మామ కట్టిన గొర్ల దొడ్డి, పంతులయ్యా. జర ఆగి నన్నడిగితె అయిపోతుండె. మా మామను రాకాసిని చేస్తుంటివి."

సిగ్గుతో ఆ కాగితం చింపేశాను. ఆమె నన్ను వదల్లేదు, అసలైనవి తాను చూపిస్తానంది. ఎముకలు వంచే మా వైపు నీళ్లు తాగిన చాలామందిలాగే ఆమెకు నడుం వంగిపోయింది. కళ్లకు పొరలు కమ్మాయి. పిల్లలు లేరు. మరిది కొడుకులు మందను ముందు నడిపితే ఆమె వెనక కర్ర పట్టుకుని నడిచేది. చూపు ఆనకపోయినా ఏ గుట్ట వెనక ఏముందో ఆ అరికాళ్లకు తెలుసు. రాయిని చేత్తో తడిమి, "గిది ఒకటి, రాస్కో" అనేది. సాహెబు చెప్పిన గుర్తులన్నీ ఆమె వేళ్లకు ముందే తెలుసు.

గుండ్రంగా ఉన్నవాటిని లెక్కపెట్టడం మాటలు కాదు. ఎక్కడ మొదలుపెట్టామో మరిచిపోతాం. అందుకని బడికి వెల్ల వేయగా మిగిలిన సున్నం చిన్న ముంతలో కలుపుకుని పోయేవాణ్ని. లెక్కపెట్టిన ప్రతి రాయికీ ఒక బొట్టు పెట్టేవాణ్ని. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇరవై రెండు వలయాలు అయ్యాక, ఇంకోటి ఉందని ఆమె చెప్పడానికి రెండు వారాలు తటపటాయించింది. చివరికి బండ్ల బాట పక్కనున్న దానికి తీసుకుపోయింది. ఒక పొడుగు రాయిని పట్టుకుని, అక్కడి నుంచి తూర్పు వైపుగా ఒక్కో రాయినీ తడుముతూ నాలుగో దాని దగ్గర ఆగి, దాని మొదట్లో కూలబడింది.

"గీడ మా ఆయనున్నడు" అంది. "వాంతుల గత్తరొచ్చిన ఏడు ఊరంత చేన్లల్ల గుడిసెలేసుకున్నరు. మోసేటోళ్లు లేకపాయె. నేనూ మా తమ్ముడూ గీడిదాంక తెచ్చి, ఇగ తేలేక ఈ రాయి మొదట్ల పెట్టినం. తమ్ముడు గూడ మూడొద్దులకు పాయె. పొడుగు రాయి నుంచి నాలుగోది. నాకొక్కదానికే ఎరుక. ఏడాదికోపాలి జరన్ని పాలు పోసి పోత."

నేను ముంత దించాను. ఆ చప్పుడుకు ఆమె తల తిప్పింది.

"దీనికి సున్నం పెట్టకు, పంతులయ్యా. అడివిల చెట్లకు సున్నం పెట్టిన్రు, కొట్కపోయిన్రు. మా బీడుకు హద్దని పెట్టిన్రు, మందను రానియ్యలె. సున్నం బడ్డంక ఏదీ మనది గాదు."

"సరే అవ్వా, పెట్టను" అన్నాను. నిజంగానే అన్నాను. ఆ రోజు ముంత ముట్టుకోలేదు. కానీ ఒకసారి లెక్కపెడితే పదమూడు, ఇంకోసారి పద్నాలుగు. ఇంటికి వచ్చినా ఆ ఒక్క రాయి బుర్రలో తిరుగుతూనే ఉంది. అంత అందమైన జాబితాలో ఒక కొట్టివేత ఉండటం నా ప్రాణానికి ఒప్పలేదు. ఇంత చిన్న బొట్లతో ఏం కొంపలు మునుగుతాయి, వాన పడితే అదే పోతుంది అనుకున్నాను. మరుసటి శుక్రవారం ఆమెకు తెలియకుండా పోయి, బొట్లు పెట్టి లెక్క తేల్చాను. పద్నాలుగు.

జాబితా పట్నం పోయింది. రాత బాగుందని సాహెబు జవాబు రాశాడు. ఆ ఉత్తరం పదిమందికి చూపించాను.

ఎండలు ముదిరాక బండ్ల బాటను రోడ్డు చేసే పని మొదలైంది. ఒక శుక్రవారం అటు పోతే, ఇరవై మూడో వలయం ఉన్నచోట వలయం లేదు. కంకర కుప్పలున్నాయి, కొన్ని ముక్కల మీద నా సున్నం ఇంకా తెల్లగా ఉంది. నేల కూడా మొరం కోసం మోకాలు లోతున తవ్వేశారు. పొడుగు రాయి జాడ కూడా లేదు. మేస్త్రీని అడిగాను.

"సున్నం బొట్లున్న గుండ్లే కొట్టుమన్నరు, సారు. మావోళ్లు ముందుగాల పెట్టిపోయిన్రు" అన్నాడు. నా చూపు దేనిమీదుందో గమనించి, "గిక్కడియి మీరు పెట్టిన్రా? మంచిగ పెట్టిన్రు, ఎతుకులాడే పని లేకుండె" అన్నాడు.

వారం తిరక్కముందే ఆమె బడికి వచ్చింది. గుమ్మంలోనే కూర్చుంది.

"ఎవడో సున్నం పెట్టిండట. నువ్వయితే పెట్టవు, నీకు జెప్పిన" అంది. పెట్టింది నేనేనని అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. "నాకు కండ్లు ఆనవు. తడుముదమంటె రాయి లేదు. నువ్వు కాయితంల రాస్కున్నవు గద. జర జూసి జెప్పు, మా ఆయన ఏడున్నడో."

నోటు పుస్తకం తీశాను. ఇరవై మూడు: పద్నాలుగు రాళ్లు, అడ్డంగా పదకొండు అడుగులు, నడుమ ఉబ్బు. అంతే ఉంది. నాలుగో రాయి మాట రాయలేదు. సాహెబు అడిగింది పాతకాలపు వాళ్ల గురించి, గత్తరకు పోయినవాళ్ల గురించి కాదు. ఆ పూట నాకు అది రాయాలని తట్టనే లేదు.

ఆమెను వెంటబెట్టుకుని ఆ గుంటల దగ్గరకు పోయాను. పుస్తకం తెరిచి పట్టుకున్నాను. ఏం కొలుస్తున్నానో నాకే తెలియకుండా, వినబడేలా గట్టిగా అంకెలు పలుకుతూ అడుగులు వేశాను. తవ్వకుండా మిగిలిన ఒక ముక్క నేల మీద ఆగాను.

"గీడనేనా?" అంది.

"గీడనే అవ్వా."

ఆమె వంగి నేల తడిమింది. తలకాయంత రాయి ఒకటి నా చేత తెప్పించుకుని అక్కడ పెట్టింది. చెంబులో తెచ్చిన పాలు పోసింది. "నువ్వు రాస్కున్నవు గనక దొరికిండు" అని నా చేయి పట్టుకుని కళ్లకద్దుకుంది. ఆ చేయి లాక్కోవాలనిపించింది. లాక్కోలేదు.

తర్వాత ఆమె నాలుగేళ్లు బతికింది. ఏటా పాలు అక్కడే పోసేది. నేను ఎదురుపడితే ఆశీర్వదించేది. నేను అటు పోవడమే తగ్గించుకున్నాను. ఎన్నోసార్లు చెప్పేద్దామనుకున్నాను. చెబితే ఆమెకు మిగిలే ఆ ఒక్క రాయి కూడా ఉండదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజానికి నాది భయం.

ఆమె పోయిన రోజు మరిది కొడుకులు బడికి వచ్చారు. పెనిమిటి పక్కన పెట్టమని చెప్పిపోయిందట. రాయి ఒక్కటే కాబట్టి ఏ పక్క పెట్టాలో వాళ్లకు తెలియలేదు. పంతులయ్యకు ఎరుక, ఆయన్నడుగున్రి అందట.

పుస్తకం పట్టుకుని వెళ్లి చూపించాను.